పానకాలు ఎంచిన తుపాకి

చింతలగుంటలో పానకాలూ అని పిలిస్తే ఎవరూ పలికేవారు కాదు, పానకాలుతో సహా. ఊరందరికీ అతను పుర్రోడు. ఎడమచేతివాటం మనిషి గనక మొదట పుర్రచెయ్యోడు, తర్వాత పిలిచేవాళ్ళ బద్ధకం కొద్దీ పుర్రోడు. చెంచమ్మ కాపురానికి వచ్చిన మూడోరోజుకే పుర్రోడి పెళ్ళాం అయిపోయింది. మంగళగిరి పానకాలస్వామికి మొక్కుకుని తల్లి పెట్టుకున్న పేరు ఆ తల్లితోనే పోయింది.

మనవాళ్ళకి ఎడమచేతి మీద ఉన్న పగ తాచుపాము మీద కూడా లేదు. తాచు కనిపిస్తే దణ్ణం పెట్టి పక్కకి తప్పుకుంటారు. ఎడమచెయ్యి చాపితే మాత్రం తిట్టందే వదలరు. విత్తే రోజున పానకాలుని గొర్రు దరిదాపులకి రానిచ్చేవారు కాదు. అతను ముట్టుకుంటే మిరపనారుకి బొబ్బర తెగులు వస్తుందని ఆడకూలీలు నారు కట్టలు వెనక్కి దాచుకునేవారు. తెగులు ఏటా వచ్చేది, అతను ముట్టుకున్నా ముట్టుకోకపోయినా. అది వేరే సంగతి. పెళ్ళి పంక్తిలో వడ్డించబోతే గరిటె లాక్కునేవారు. ఆరో ఏట బళ్ళో వేస్తే, బలపం ఎడమచేత్తో పట్టాడని పంతులు మొదటిరోజు చింతబరికెతో కొట్టాడు, రెండోరోజు ఆ చేతిని కిటికీ ఊచకి కట్టేశాడు. మొక్కై వంగనిది మానై వంగుతుందా అని తండ్రితో చెప్పి మరీ కట్టాడు. మూడు నెలలపాటు కుడిచేత్తో గీసినవేవీ అక్షరాల్లా కనబడకపోయేసరికి చదువు అబ్బదని తేల్చి గేదెల వెంట తోలేశారు. చెయ్యి వంగలేదు గానీ చదువు మాత్రం విరిగిపోయింది.

ఆ చేతికి మర్యాద దొరికింది ఒక్క తుపాకి దగ్గరే. పద్దెనిమిదో ఏట భావనారాయణ గారి చేలకి కావలిగా కుదిరాడు. భావనారాయణ గారికి అరవై ఎకరాల నల్లరేగడి. పత్తి, మిరప, వేరుశనగ, జొన్న. రెండు జతల ఒంగోలు ఎడ్లు. మనిషి చెడ్డవాడని ఊళ్ళో ఎవరూ అనేవారు కాదు. నిజంగానే చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే పానకాలుకి పని తేలికయ్యేది, తిట్టుకుని ఊరుకునేవాడు. పండక్కి బట్టలు పెట్టేవారు, చెంచమ్మకి పురిటికష్టం వస్తే సొంత బండి కట్టించి పేట ఆసుపత్రికి పంపారు. చేనుగట్టు మీద గుడిసె వేసుకోనిచ్చారు. అందుకే ఆయన మాట పానకాలుకి వేదం.

కొండవీటి కొండల్లోంచి దిగే అడవిపందుల కోసం ఆయన కావలివాడి చేతికి మందు కూరే నాటు తుపాకి ఇచ్చారు. అలాంటి తుపాకికి మందు అంటుకునేది కుడిపక్కన. కుడిభుజాన పెట్టుకునేవాడికి ఆ నిప్పురవ్వలు అవతల పడతాయి. ఎడమభుజాన పెట్టుకునే పానకాలుకి సరిగ్గా చెంప మీద పడేవి. నాలుగేళ్ళు తిరిగేసరికి ఎడమచెంప నిండా నల్లటి చుక్కలు పచ్చబొట్టులా దిగిపోయాయి. అయినా భుజం మార్చలేదు. మంచె మీద నిలబడి అతను గురి పెడితే గుండు వృథాపోవడం ఊరు చూడలేదు. తాటిగెల కిందపడాలంటే తొడిమని కొట్టేవాడు. పుర్రోడు కొట్టాడంటే తిరుగులేదురా అనేవారు. అప్పుడు కూడా పుర్రోడనే అనేవారు.

భావనారాయణ గారు గుంటూరు రైఫిల్ క్లబ్బులో మెంబరు. జిల్లాలో పెద్దవాళ్ళనేవాళ్ళందరూ మెంబర్లే గనక ఆయనా చేరారు తప్ప తుపాకి పట్టింది తక్కువ. అరవై ఒకటో సంవత్సరంలో క్లబ్బు పోటీలు చూడటానికి వెళ్తూ, సామాను మొయ్యడానికి పానకాలుని తీసుకెళ్ళారు. అక్కడ అతను చూసింది గురి కాదు. గురి తనకి తెలిసిందే. విన్నది వేరు. ప్రతివాడూ నిలబడి కాల్చాక మైకులో అతని ఊరూ పేరూ చదివి, తర్వాత మార్కులు చదువుతున్నారు. అందులో ఒకడు పోస్టుమాను. ఖాకీ నిక్కరుతోనే వచ్చి కాల్చాడు. "పొన్నూరు అంకమ్మరావు, నూటికి తొంభై ఒకటి" అని మైకు చెబితే గ్రౌండంతా చప్పట్లు కొట్టింది. పోస్టుమానుకి!

ఆ పొద్దు మొదలు పానకాలుకి ఒకటే కోరిక. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆ మైకులో చింతలగుంట పానకాలు అని వినబడాలి. ఎడమచేత్తోనే కాల్చి వినాలి. చెంచమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆమె కళ్ళంలో కాయ ఏరుతూ విని నవ్వింది.

"ఆ పేరు చెబితే నువ్వేనని నాకెట్టా తెలుస్తుందయ్యా?"

తర్వాతి సంవత్సరం చివర్లో చైనాతో యుద్ధం వచ్చింది. దేశంలో ప్రతివాడూ గురి నేర్చుకోవాలని క్లబ్బువాళ్ళు తలుపులు బార్లా తెరిచారు. పెద్దమనిషి ఒకరు సిఫారసు చేస్తే చాలు, ఎవరైనా చేరవచ్చన్నారు. భావనారాయణ గారికి ఉత్సాహం వచ్చింది. పానకాలుని పిలిచి మంచి తుపాకి ఒకటి కొంటాననీ, దాంతో మార్చి పోటీల్లో అతనే కాల్చాలనీ, చింతలగుంట పేరు గుంటూరులో మోగాలనీ అన్నారు. మెంబరుగా తనే చేర్పిస్తానన్నారు. తుపాకి ఎంచుకోవడం కూడా నీ ఇష్టమేరా, నాకు ఎద్దుల సంగతి తెలుసు గానీ తుపాకుల సంగతేం తెలుసు అన్నారు. పానకాలు ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. ఆనందానికి కూడా ఆకలి చస్తుందని అతనికి అంతవరకూ తెలియదు.

గుంటూరులో జిన్నా టవరు వెనక సందులో సైదా సాయిబు తుపాకుల కొట్టు. తండ్రుల కాలం నుంచి తుపాకులు బాగుచేసే ఇల్లు. సాయిబు వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, ఆసామి సంగతి అడక్కముందే, కాల్చేది ఎవరని అడిగాడు. పానకాలుని చూపిస్తే అతని చెంప మీద చుక్కలు చూసి తల పంకించాడు. నీ పేరేంటని అడిగాడు. అడిగి, అక్కణ్ణుంచి ఆ పేరుతోనే పిలిచాడు.

పోటీల్లో ఆ రోజుల్లో ఎక్కువమంది పట్టేవి పక్కన గడియ ఉండే తుపాకులు. తలుపు గడియలాగా అది కుడివైపుకి ఉంటుంది. ఎడమచేతివాడు గుండు గుండుకీ చెయ్యి మీదుగా అవతలికి చాపి తియ్యాలి, చాపితే గురి చెదురుతుంది. అందుకని సాయిబు గడియ తుపాకుల జోలికే పోకుండా రెండు మీట తుపాకులు తీసి గోనెపట్టా మీద పెట్టాడు. మీట కింద, మధ్యలో, వేళ్ళు పట్టేచోటే ఉంటుంది. కిందికి తోసి మళ్ళీ పైకి లాగితే చాలు. దానికి కుడీ ఎడమా లేదు.

అందులో మొదటిది పాతది. పొగాకు కంపెనీలో పనిచేసిన ఒక తెల్లదొర సీమనుంచి చేయించి తెచ్చుకున్నది. ఆ దొరదీ ఎడమచేతివాటమే. వెళ్ళిపోతూ సాయిబుకి అమ్మేసి పోయాడు. ఒక్కసారికి ఒక్కటే తూటా పడుతుంది. గొట్టం బరువు. మీట పొట్టి, బెత్తెడు. భుజానికి ఆనించే మడమ మాత్రం విచిత్రంగా వంకర తిరిగి, చెంప ఆనేచోట కుడివైపుకి ఉబ్బెత్తుగా ఉంది. రెండోది కొత్తదానిలా నిగనిగలాడుతోంది. గొట్టం కింద ఇంకో సన్న గొట్టం, అందులో పదిహేను తూటాలు వరసగా కూర్చుంటాయి. మీట పొడుగ్గా, కడియంలా ఉంది. మడమ తిన్ననిది, ఎవరికైనా ఒదిగేది.

పానకాలు రెండూ చూశాడు. మీట తెరిచి, లోపల తెల్లకాగితం ముక్క పెట్టి, కొసనుంచి గొట్టంలోకి చూశాడు. రెండిట్లోనూ తుప్పు లేదు. ట్రిగ్గరు నొక్కి చూశాడు. దొర తుపాకిది ఎండుమిరప తొడిమ తుంచినట్టు టక్కున తెగింది. రెండోదానిది పచ్చికాయ తొడిమలా కొంచెం సాగి అప్పుడు తెగింది. సాయిబు ఇంకో మాట కూడా చెప్పాడు. పదిహేను తూటాలు ముందువైపు కూర్చుంటాయి గనక ఒక్కొక్కటీ పేలేకొద్దీ తుపాకి బరువు మారుతుంది, గురి కూడా ఆ మేరకి మారుతూ పోతుంది. దొరదానికి ఆ బాధ లేదు.

తర్వాత జట్కా కట్టించుకుని ఊరిబయట పాడుబడ్డ ఇటుక బట్టీ దగ్గరికి వెళ్ళారు. యాభై గజాల్లో కాగితం అంటించి రెండిటితోనూ ఐదైదు గుళ్ళు కాల్చాడు. రెండోదాని ఐదు గుళ్ళూ ఒక తమలపాకులో ఇమిడాయి. మంచి తుపాకే, కాదనలేం. దొరదాని ఐదు గుళ్ళ మీద సాయిబు నయాపైసా బిళ్ళ పెడితే ఒక్క కన్నం కూడా బయటికి కనబడలేదు.

గుళ్ళ సంగతి అటుంచితే, దొర తుపాకి ఎత్తి చెంప ఆనించినప్పుడు పానకాలుకి అయింది వేరు. ఆ ఉబ్బు అతని చెంప కిందికి వచ్చి కూచుంది. కన్ను దానంతటదే గురి మీదికి వచ్చి ఆగింది. ముప్ఫై ఏడేళ్ళలో గొర్రు గానీ గరిటె గానీ పలక గానీ ఏదీ అతని చేతికోసం చేసినది కాదు. అన్నిటికీ అతనే వంగాడు. ఇది ఎవరో ఎక్కడో ఆ చేతిని తలుచుకుని చేసిన వస్తువు. ఆ దొర ఎవరో గానీ ఎన్ని తిట్లు తిని ఉంటాడో అనుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మందు వాసన మీదికి నెట్టేశాడు.

"ఇది నీ చేతికే పుట్టింది పానకాలూ. ఇంకొకళ్ళు దీన్ని ఏలుకోలేరు. ఆలోచించకు, పట్టుకుపో" అన్నాడు సాయిబు.

అప్పుడు భావనారాయణ గారు ఏదీ ఇటివ్వరా అని తీసుకుని కుడిభుజాన పెట్టుకున్నారు. ఉబ్బు బయటివైపుకి పోయింది, మడమ వంకర వెళ్ళి దవడలో పొడుచుకుంది. మెడ ఎటు తిప్పినా గురి కంటికి అందలేదు. పంటిపోటు వచ్చినవాడిలా మూతి వంకర పెట్టుకుని ఆయన అవస్థ పడుతుంటే జట్కావాడు కిసుక్కున నవ్వాడు. ఆసామి ముఖం మాడింది. తుపాకి దించి దవడ రుద్దుకుంటూ, డబ్బు నాది, పట్టుకునే యోగం నాకు లేదన్నమాట అన్నారు. నవ్వుతూనే అన్నారు.

ఆ నవ్వు చూసి పానకాలు దొర తుపాకి మీంచి కళ్ళు తిప్పుకున్నాడు. అయ్యగారు పట్టుకోలేని వస్తువు అయ్యగారి చేత కొనిపించడమా? రేపు ఇంట్లో గోడకి పెట్టినా అది ఆయనది అనిపించదు. ఊళ్ళో పదిమంది అడిగితే, పుర్రోడి తుపాకి అని చెప్పుకోవాలా ఆయన? ఇవాళ కొన్నా రేపు మనసు విరిగితే పోటీ లేదు, ఏమీ లేదు. రెండోదైతే ఆయన భుజానికీ ఒదుగుతుంది, తన భుజానికీ ఒదుగుతుంది. తమలపాకులో ఐదు పడ్డాయిగా. తను కాస్త జాగ్రత్త పడితే అదే నయాపైసా చేసుకోవచ్చు. ఇలా తనకి తనే నచ్చజెప్పుకున్నాడు. కూలివాణ్ణి ఎంచుకోమంటే జరిగేది ఇదే. చెయ్యి తన వస్తువుని పోల్చుకుంటుంది గానీ నోరు అయ్యగారి ముఖం చూసి మాట్లాడుతుంది.

"ఇదొద్దండయ్యా. రెండోదే బాగుంది. అదైతే తమరు కూడా పట్టొచ్చు" అన్నాడు.

భావనారాయణ గారి ముఖం వికసించింది. మావాడి ఎంపిక అంటే ఎంపికే అని భుజం తట్టారు. సాయిబు తుపాకి గుడ్డలో చుడుతూ, ఈసారి పోటీలో బోర్లా పడుకుని కూడా కాల్చాలనీ, ఈ పొడుగు మీట కిందికి తోసినప్పుడల్లా నేలకి తగులుతుందనీ పానకాలుకి మాత్రం వినబడేలా ఒక్కమాట చెప్పాడు. పానకాలు తల ఊపాడు గానీ ఆ మాట బుర్రకి ఎక్కలేదు. జీవితమంతా మంచె మీద నిలబడి కాల్చినవాడు. పందికోసం బోర్లా పడుకోవడమేమిటి?

లైసెన్సు కాగితాలన్నీ అయి తుపాకి ఇంటికి వచ్చేసరికి సంక్రాంతి దాటింది. మొదటివారం పానకాలే కాల్చాడు. రెండోవారం భావనారాయణ గారు సరదాగా ఒక గుండు కాల్చి చూస్తానన్నారు. డాబా మీంచి కిరసనాయిలు డబ్బా మీద కాల్చారు, తగిలింది. అంత పెద్ద డబ్బాకి తగలకపోతే ఆశ్చర్యపడాలి. అయినా పాలేళ్ళు ఆహా అన్నారు, కరణం ఓహో అన్నాడు. ఆ తుపాకికి కుడీ ఎడమా తేడా లేదు కదా, ఆయన భుజం మీద కూడా అంతే బుద్ధిగా కూచుంది. మోజు ముదిరింది. ఫిబ్రవరి వచ్చేసరికి పానకాలు పని తూటాలు అందించడం, డబ్బా నిలబెట్టడం.

ఒకనాడు కళ్ళం దగ్గర, తన మెంబరు కాగితం పంపారా అయ్యా అని చేతులు కట్టుకుని అడిగాడు. భావనారాయణ గారు కొంచెం సిగ్గుపడ్డట్టే ఉన్నారు. ఈ ఏడు జిల్లా ఆఫీసర్లంతా వస్తున్నారనీ, మెంబరై ఉండీ తను కాల్చకుండా మనిషిని పెట్టి కాల్పిస్తే బాగుండదనీ, వచ్చే ఏడు తప్పకుండా అతని చేతే కాల్పిస్తాననీ అన్నారు. చిత్తం అన్నాడు పానకాలు. వేరే మాట అతనికి రాదు.

చెంచమ్మతో ఆ రోజు మొత్తం చెప్పేశాడు. దొర తుపాకి సంగతి కూడా అప్పుడే చెప్పాడు. ఆమె పోటీకని ఉతికి, గంజిపెట్టి, మడిచి ఉంచిన పంచె తీసి పెట్టెలో పెట్టేసింది.

"నువ్వు తప్ప ఎవరూ పట్టలేనిదాన్ని వదిలేసి, అందరూ పట్టగలిగేదాన్ని తెచ్చావు. ఇంక అది నీదెట్టా అవుద్ది?" అంది.

 

అయినా ఆశ చావదు. మార్చి నెలలో, మిరప రెండో కోత మధ్యలో, తుపాకీ తూటాల పెట్టే మోసుకుంటూ ఆయన వెంట గుంటూరు బయలుదేరినప్పుడు కూడా, ఏమో, చివరి నిమిషంలో నువ్వే కాల్చరా అంటారేమో అనుకుంటూనే ఉన్నాడు. ఊరు దాటాక, అలవాటు పోనివ్వకుండా ఎడమచేతి వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ కూచున్నాడు.

గ్రౌండులో మట్టికట్ట ముందు పది బల్లల మీద గురి కాగితాలు. నేలమీద చాపలు. చాపలు చూసి భావనారాయణ గారు ఇవెందుకని అడిగారు. యుద్ధం వచ్చాక పద్ధతి మారిందనీ, మొదటి పది గుళ్ళూ బోర్లా పడుకుని కాల్చాలనీ చెప్పారు. ఆయన పానకాలు వంక చూశారు, పానకాలు నేల వంక చూశాడు. సైదా సాయిబు చెప్పిన మాట అప్పుడు బుర్రకెక్కింది.

భావనారాయణ గారిది బాగా జరిగిన శరీరం. బొజ్జ మీద పడుకుంటే తల ఒకవైపు, కాళ్ళు ఒకవైపు తేలాయి. మొదటి గుండు కాల్చి మీట తోస్తే చాపకి తగిలి ఆగిపోయింది. మోచేతుల మీద లేచి, తుపాకి పక్కకి వంచి, మీట లాగి, మళ్ళీ పడుకుని గురి వెతుక్కునేసరికి ఆయాసం వచ్చేది. గుండు గుండుకీ అదే తతంగం. పక్కనున్నవాళ్ళు కాల్చి లేచిపోతే ఆయన ఐదో గుండు దగ్గర ఉన్నారు. వెనక నవ్వులు మొదలయ్యాయి. నిలబడి కాల్చే పది గుళ్ళల్లో కూడా చెయ్యి కుదురుకోలేదు. చివరికి మైకు చదివింది. చింతలగుంట భావనారాయణ గారు, నూటికి ముప్ఫై నాలుగు. అందరికన్నా చివర.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తుపాకిలోనే ఉంది లోపం అన్నారు గట్టిగా, పక్కనున్న ఆఫీసర్లకి వినబడేలా. తనకి తుపాకుల సంగతి తెలియదనీ, ఇదిగో ఈ కావలివాడు ఎంచాడనీ, వాడి మాట నమ్మి కొన్నాననీ అన్నారు. అందరూ పానకాలు వైపు చూశారు. ఇన్నాళ్ళుగా పదిమంది తనవైపు చూడాలని కోరుకున్నవాడు, ఇలా చూస్తారని అనుకోలేదు.

క్లబ్బు సెక్రటరీ జయరావు గారు ఫౌజులో సుబేదారుగా చేసి వచ్చిన మనిషి. తుపాకి చేతిలోకి తీసుకుని, మీట ఆడించి, గురి చూసి, లోపమేమీ కనబడలేదన్నారు. అంతటితో ఆగితే బాగుండేది. న్యాయమైన మనిషి గనక ఆగలేదు. ఎంచినవాడు ఇక్కడే ఉన్నాడు కదా, నిలబడి ఐదు గుళ్ళు కాలుస్తాడు, తుపాకిదా తప్పు, మనిషిదా అన్నది తేలిపోతుంది అన్నారు. ఐదు తూటాలు క్లబ్బు పెట్టెలోంచే ఇప్పించారు. ఆఫీసర్లు కుర్చీలు ముందుకి జరుపుకున్నారు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అతను చుక్కలో కొడితే, తప్పు అయ్యగారిదని జిల్లా పెద్దలందరి ముందూ రుజువు చేసినట్టు. ఇక చేనుగట్టు మీద గుడిసె ఉండదు, పని ఉండదు. ఆయన పొమ్మనకపోవచ్చు కూడా, మంచివాడు. కానీ రోజూ పొద్దున్నే ఆ ముఖం ఎలా చూడటం? తప్పిస్తే, తన ఎంపికే తప్పని తేలుతుంది. ఇరవై ఏళ్ళ గురికి సున్నా. ఐదంటే ఐదు గుళ్ళలో ఇంత పెద్ద అన్యాయం పట్టిందంటే ఆశ్చర్యమే.

తుపాకి అందిస్తూ జయరావు గారు అతని ఎడమచెంప మీద నల్లచుక్కలు చూశారు. ఫౌజు మనిషికి ఆ చుక్కలు చదవడం వచ్చు.

"ఎడమచేతివాటమా?" అని అడిగారు.

పానకాలు భావనారాయణ గారి వైపు చూశాడు. ఆయన ఎటో చూస్తున్నారు. ఒక్కమాట అని ఉంటే సరిపోయేది. అవునండి, వాడు పుర్రోడే, ఎడమచేత్తోనే కాలుస్తాడు అని, ఊళ్ళో రోజుకి పదిసార్లు అనే మాట. ఆ ఒక్కసారి మాత్రం అనలేదు.

"కాదండి. కుడిచేతివాణ్ణే" అన్నాడు పానకాలు.

ఎడమచేత్తో పడితే అది తప్పదు. తప్పించమని చెప్పినా ఆ చెయ్యి వినదని అతనికి తెలుసు. అందుకని తుపాకి ఎత్తి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కుడిభుజాన పెట్టుకున్నాడు. గురి ఎరిగిన ఎడమకన్ను మూశాడు. కుడికంటికి బల్ల మసకగా కదులుతూ కనబడింది. ఇరవై ఏళ్ళుగా ఆ ఎడమభుజాన్ని ఎరిగిన భావనారాయణ గారు అప్పుడు ఇటు తిరిగి చూశారు. తుపాకి ఎటు వెళ్ళిందో చూశారు. చూసి, కండువా సర్దుకున్నారు. పానకాలు ఐదు గుళ్ళూ కాల్చాడు. నాలుగు మట్టికట్టలో దిగాయి, ఐదోది బల్ల కాలికి తగిలి చెక్కపేడు లేచింది.

చూశారా, నేను చెప్పలేదా అన్నారు భావనారాయణ గారు. ఆఫీసర్లు అవునవునన్నారు. ఒకాయన, కొనేటప్పుడు తెలిసినవాళ్ళని అడగాల్సిందండీ అని ఓదార్చారు కూడా. జయరావు గారు మాత్రం పానకాలు చెంప వంక ఇంకోసారి చూశారు.

వెళ్ళబోతుంటే బల్ల దగ్గర గుమాస్తా కేకేశాడు. క్లబ్బు తూటాలు కాల్చిన ప్రతివాడూ రిజిస్టరులో సంతకం పెట్టాలి. చైనా యుద్ధం తర్వాత వచ్చిన రూలు. పేరడిగాడు, ఊరడిగాడు, రాసుకున్నాడు. సంతకం రాదని తెలిసి విసుక్కుని సిరా పెట్టె తీశాడు. ఏం రాశానో విని మరీ వెయ్యి, తర్వాత నాకు తెలియదంటే కుదరదు అని పైకి చదివాడు.

"చింతలగుంట పానకాలు. గుళ్ళు ఐదు. సున్నా."

పానకాలు కుడిచెయ్యి చాపాడు. పెద్దవాళ్ళ ముందు కుడిచెయ్యే చాపాలని చిన్నప్పుడు కొట్టి నేర్పారు.

"అదికాదు, ఎడంచెయ్యి. మగాళ్ళకి ఎడమ బొటనవేలే రూలు."

ముప్ఫై ఏడేళ్ళలో ఒక పెద్దమనిషి అడిగి మరీ ఆ చెయ్యి పుచ్చుకోవడం అదే మొదటిసారి. పానకాలు చెయ్యి మార్చాడు. గుమాస్తా ఆ వేలిని సిరాలో అద్ది, సున్నా పక్కన గట్టిగా నొక్కాడు.